ఏ చలి? ఎన్నాళ్లు? ఏ తెగులు?

తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. గోధుమ, రై లాంటి శీతాకాలపు పైర్లు చలికి అలవాటుపడ్డాక తెగుళ్లను ఎలా తట్టుకుంటాయో తెలుగులో రాయాలనుకున్నావు. అదే నాకు పెద్ద సంతోషం. కానీ నీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "చలి మొక్కకు బలాన్నిస్తుంది" అన్నావు. ఏ చలి? ఎన్నాళ్లు? ఏ తెగులు మీద?

ఒకప్పుడు నేనూ అచ్చం ఇదే వాక్యం రాశాను. "మరి ఒక్కసారిగా గడ్డకట్టే చలి వస్తే పైరు ఎందుకు చచ్చిపోతుంది?" అని ఒక పాఠకుడు అడిగాడు. నా వ్యాసంలో దానికి జవాబు లేదు. ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది.

బలం ఇచ్చేది సున్నాకు కాస్త పైన, సుమారు 2 నుంచి 5 డిగ్రీల దగ్గర, కొన్ని వారాలు నిలిచే చలి. దానికి వెలుతురు కూడా తోడవ్వాలి. ఆ చలిలో మొక్క ఎదుగుదల బాగా నెమ్మదిస్తుంది, ఆకు ఆహారం తయారుచేయడం మాత్రం ఆగదు. ఖర్చు తగ్గి సంపాదన సాగితే మిగులు పడుతుంది కదా, ఇదీ అంతే. ఆ మిగులు ఫ్రక్టాన్ అనే చక్కెర గొలుసులుగా మారి మొక్క మొదలు దగ్గర, కొత్త ఆకులూ వేళ్లూ పుట్టే చోట చేరుతుంది.

ఇక్కడ ఒక మాట. 'మంచు' అని రాసేటప్పుడు జాగ్రత్త. ఆకు మీది బిందువూ మంచే, పైనుంచి రాలిపడేదీ మంచే, గడ్డకట్టిన నీరూ మంచే. నీ మూడో పేరాలో పాఠకుడు దారి తప్పేది ఈ మాట దగ్గరే. నేల మీద దుప్పటిలా పరుచుకున్న మంచు మొక్కను గడ్డకట్టే చలి నుంచి కాపాడుతుంది. కానీ దాని కింద చీకటి, తడి, సున్నా దగ్గర నిలిచిపోయిన ఉష్ణోగ్రత. వెలుతురు లేకపోయినా మొక్క శ్వాసిస్తూనే ఉంటుంది కాబట్టి దాచుకున్నది రోజురోజుకీ కరిగిపోతుంది. మంచు కింద పెరిగి మొక్కకు తెగులు తెచ్చే 'మంచు బూజులకు' కావలసింది సరిగ్గా ఇలాంటి చోటే. దుప్పటి ఎక్కువకాలం ఉంటే, పొదుపు తక్కువున్న మొక్క ముందు పడిపోతుంది.

మంచు కరిగిన రోజును పాఠకుడికి దగ్గరగా చూపించు. ఆకులు తడిసి నేలకు అతుక్కుపోయి ఉంటాయి. మైక్రోడోకియం నివాలె అనే మంచు బూజు సోకితే వాటి మీద లేత గులాబీ ఛాయ కనిపిస్తుంది. టైఫులా జాతి బూజులైతే ఎండిన ఆకుల మీద ఆవగింజల్లాంటి గట్టి గుళికలు ఉంటాయి. ఆకులన్నీ పోయినా మొదలు బతికుంటే మొక్క మళ్లీ చిగురిస్తుంది. అందుకే ముందు మొదలు చూడమని చెప్పు.

అసలు అద్భుతాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. కెనడాలో మెరిలిన్ గ్రిఫిత్ బృందం, చలికి అలవాటుపడిన రై ఆకుల్లో కణాల మధ్య ఖాళీల్లో కొన్ని ప్రొటీన్లను గుర్తించింది. అవి మంచు స్ఫటికాలకు అంటుకుని వాటిని పెరగనివ్వవు. తీరా చూస్తే అవి కైటినేజ్, గ్లూకనేజ్, థౌమాటిన్ లాంటి ప్రొటీన్లు. అంటే తెగులు సోకినప్పుడు మొక్క తయారుచేసే రక్షణ ప్రొటీన్ల కుటుంబాలే! చలి పడని రై మొక్కకు మంచు బూజు సోకినప్పుడూ ఈ కుటుంబాల ప్రొటీన్లు పుట్టాయి. కానీ వాటికి మంచు స్ఫటికాలను అడ్డుకునే గుణం లేదు. ఈ తేడాకి ఒక పూర్తి పేరా ఇవ్వు, తొందరపడకు.

వాటిని 'సైనికులు' అన్నావు, ఆ మాట తీసెయ్. బూజు కణాల గోడలో కైటిన్, గ్లూకాన్ ఉంటాయి. కైటినేజ్ కైటిన్ గొలుసును కత్తిరిస్తుంది. 'కత్తిరిస్తుంది' అని రాస్తే చాలు, ఏం జరుగుతోందో కళ్లకు కడుతుంది.

ఈ రక్షణ అన్ని రకాల విత్తనాల్లో ఒకేలా ఉండదు, అన్ని తెగుళ్ల మీదా పనిచేయదు. శీతాకాలం మధ్యలో నాలుగు రోజులు వెచ్చబడితే మొక్క ఆ అలవాటును కొంత వదులుకుంటుంది. ఇది చివర్లో కాదు, ముందే చెప్పు.

వెర్నలైజేషన్ గురించి, అంటే చలి తగిలాకే పైరు పూతకు సిద్ధమవడం గురించి రాసిన పేరా బాగానే ఉంది కానీ, అది పూత సంగతి. దాన్ని వేరే వ్యాసానికి దాచుకో. తిరగరాశాక పంపు, వెంటనే చదువుతాను.

ఇట్లు,
మీ అన్నయ్య