ఏటేటా పాడుకునే పాట గురించి కావలి చెల్లెమ్మకు

ఒంగోలు

ప్రియమైన చెల్లెమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు పంపిన క్రిస్మస్ పాట చదివాను, ఫోనులో నువ్వు పాడి పంపింది కూడా తీరిగ్గా కూర్చుని విన్నాను. మీ సంఘం యూత్‌వాళ్లు దీన్ని స్టూడియోలో రికార్డు చేయించి యూట్యూబులో పెట్టాలనుకుంటున్నారని రాశావు. ఇంగ్లీషులో అమెరికా గాయని మరయా కేరీ పాట "ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యు", బ్రిటన్‌కు చెందిన వామ్ బృందం పాట "లాస్ట్ క్రిస్మస్" ఏ డిసెంబరుకు ఆ డిసెంబరు కొత్తగా వినపడుతుంటే, మన దగ్గర ఏటా వచ్చే లెక్కలేనన్ని పాటలు సంక్రాంతి నాటికే ఎందుకు మరుగున పడిపోతున్నాయని అడిగావు. మంచి ప్రశ్న అడిగావు. పాటలు రాసేవాళ్లు చాలామంది వ్యూల సంఖ్య గురించి ఆలోచిస్తారు గాని, ఇరవై ఏళ్ల తర్వాత ఈ పాటను ఎవరు పాడతారని ఆలోచించరు.

నాకు తోచిన సమాధానం ముందే చెబుతాను. నిలిచిన పండుగ పాటలన్నిటిలోనూ ఒక మనిషి తనకు లేనిదాన్ని కోరుకుంటూ మరో మనిషితో మాట్లాడుతుంటాడు. పండుగ అంటేనే అందరూ కలిసే రోజు గనుక, ఎవరు రాలేదో, ఎవరు ఇక రారో ఆ రోజే ఎక్కువగా తెలుస్తుంది. ఆ వెలితికి చోటిచ్చిన పాటలోకి వినేవాళ్లు తమ తమ మనుషులను తెచ్చుకుంటారు. అంతా సంతోషమే, అంతా వెలుగే అని ఊరుకున్న పాటలో వాళ్లు చేయడానికేమీ మిగలదు.

నువ్వు చెప్పిన పాటలనే తీసుకుందాం. మరయా కేరీ, వాల్టర్ అఫనాసియెఫ్ కలిసి రాసిన పాట 1994లో వచ్చింది. బాజా భజంత్రీలన్నీ మోగే ఆ పాటలో పాడే మనిషికి కానుకలేవీ అక్కరలేదు, కావలసింది ఒక్క మనిషే, ఆ మనిషి ఇంకా రాలేదు. వామ్ బృందం తరఫున జార్జ్ మైకేల్ రాసి, పాడి, వాద్యాలన్నీ తానే వాయించిన 1984 నాటి పాట ఇంకా సూటిగా ఉంటుంది. నిరుటి పండుగకు మనసిచ్చిన మనిషి మర్నాటికే దాన్ని వదిలేసిందన్న బాధ తప్ప అందులో పండుగ విశేషమే లేదు. ఈ రెండింటికీ వెనుక 1942లో అమెరికా గాయకుడు బింగ్ క్రాస్బీ పాడిన తెల్లని క్రిస్మస్ పాట "వైట్ క్రిస్మస్" ఉంది. రాసినవాడు ఇర్వింగ్ బెర్లిన్. రష్యా సామ్రాజ్యంలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరిన యూదుడాయన. మూడు వారాల పసివాడైన ఆయన కొడుకు 1928లో సరిగ్గా డిసెంబరు 25న చనిపోయాడు. ఆ బాధలోంచే పాట పుట్టిందని నేను చెప్పను, ఆ మాట ఆయనే చెప్పాలి. కాని ఆ పాటలో సంబరం కంటే తలపోత ఎక్కువన్నది వినేవాళ్లందరికీ తెలుస్తుంది. యుద్ధంలో ఇంటికి దూరంగా ఉన్న సైనికులు రేడియోలో దాన్ని మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నారంటే కారణం అదే.

ఇక్కడ నీ పల్లవి దగ్గరికి వస్తాను. "మంచు కురిసే చల్లని రేయి, మహిమ దిగిన వెండి హాయి" అని మొదలుపెట్టావు. ప్రాస బాగుంది, గొంతుకు ఒదిగింది కూడా. కాని అమ్మా, కావలిలో మంచు కురుస్తుందా? మన డిసెంబరులో వాయుగుండాలు, తుపానులు, వాటి వెనుక వచ్చే ముసురు ఉంటాయి. నెల్లూరు వైపు చెరువుల కింద నాట్లు పడుతుంటాయి, మా కొండపి వైపు పొగాకు చేలు పచ్చగా నిలబడి ఉంటాయి, రాత్రి క్యారల్స్‌కు బయలుదేరిన పిల్లలు బురదలో చెప్పులు చేత పట్టుకుని నడుస్తుంటారు. బెర్లిన్ పాటలో మంచు ఉంది గదా అని నువ్వు అడగవచ్చు. ఆ పాట అసలు మొదలయ్యే తీరు చాలామందికి తెలియదు. మొదట ఆయన రాసిన ఎత్తుగడలో కథ జరిగేది లాస్ ఏంజిలిస్‌ పక్కన బెవర్లీ హిల్స్‌లో. అక్కడ ఎండ కాస్తుంటుంది, గడ్డి పచ్చగా ఉంటుంది, నారింజ చెట్లూ తాటి జాతి చెట్లూ గాలికి ఊగుతుంటాయి, తేదీ డిసెంబరు 24, పాడేవాడి మనసేమో ఉత్తరాన ఉంది. క్రాస్బీ రికార్డులో ఆ భాగం లేకపోవడంతో మనకు మంచు మాత్రమే మిగిలింది. అంటే మంచు లేనిచోట కూర్చుని మంచును కోరుకున్న మనిషి పాట అది. మనం కోరికను వదిలేసి మంచును తెచ్చుకున్నాం. నువ్వు ఎన్నడూ చూడని మంచు మీద నీకు బెంగ ఉండదు, బెంగ లేనిదాన్ని ఎంత అందంగా రాసినా వినేవాళ్లకు అంటదు.

నీకు బెంగ ఎక్కడుందో నీ పాటలోనే కనపడింది. రెండో చరణం చివర, ఎవరూ చూడరన్నట్టు ఒక మూల పెట్టావు: "నువ్వు రాలేని ఈ ఏడు, వాకిట్లో స్టారు ఎవరు కడతారమ్మా". కువైట్‌లో పనిచేస్తున్న తల్లితో కూతురు అంటున్న మాట. ఆ ఒక్క చరణం విన్నాక నేను పాట ఆపేసి కొంతసేపు కూర్చున్నాను. నెల్లూరు జిల్లాలో ఎన్ని ఇళ్లల్లో ఈ మాట డిసెంబరులో ఫోను మీద నడుస్తుందో నీకు నాకంటే బాగా తెలుసు. నీ పాట అదే. దాన్ని పల్లవిలోకి తీసుకురా. మంచును పూర్తిగా తీసెయ్యి.

అలా చేస్తే దేవుని పాట కాస్తా ఇంటి పాటైపోతుందని మీ పెద్దలు అనవచ్చు, నీకూ ఆ అనుమానం ఉండవచ్చు. నేను చెప్పిన ఇంగ్లీషు పాటల్లో యేసు పేరు లేదన్నది నిజమే, ఆ విషయంలో వాటిని అనుసరించమని నేను అనను. మనవాళ్లు ఈ రెండింటినీ ఎలా కలిపారో చూడాలంటే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరువు. "రక్షకుండుదయించినాడట" అన్న కీర్తనను నువ్వు సండేస్కూలు నాటి నుంచి పాడుతున్నావు, కాని ఎవరు ఎవరితో అంటున్నారో ఎప్పుడైనా గమనించావా? వార్త విన్న గొల్లలు తోటి గొల్లలను పిలుస్తున్నారు, రండి, తక్షణమే పోదాం అంటున్నారు. లూకా సువార్త రెండో అధ్యాయంలో గొల్లలు ఒకరితో ఒకరు చెప్పుకున్న మాటే అది. సిద్ధాంతమంతా ఆ పిలుపులోనే ఇమిడి ఉంది, విడిగా ఎక్కడా ఉపదేశం చేసినట్టుండదు. మా చర్చిలో అక్షరం రాని ముసలమ్మలు కూడా పుస్తకం లేకుండా దాన్ని చివరిదాకా పాడతారు. ఇంగ్లీషు రాగాలకు కుదించిన అనువాద గీతాలు పాడేటప్పుడు వాళ్లే పక్కవాళ్ల నోటి వంక చూస్తుంటారు. నీ చరణంలోని కూతురు తల్లితో మాట్లాడుతూనే, సత్రంలో స్థలం దొరకని మరియమ్మను తలుచుకోవచ్చు. ఇంటికి దూరంగా బిడ్డను కన్న తల్లి ఆమె. ఆ ముడి సహజంగా పడితే పెద్దలకు అభ్యంతరం ఉండదు.

బాణీ సంగతి. వామ్ పాట మొదటి నుంచి చివరిదాకా అవే నాలుగు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుత్తుల) మీద తిరుగుతుంది, పల్లవికీ చరణానికీ తేడా లేదు. మరయా కేరీ పాట నెమ్మదిగా, గంటల చప్పుడుతో, గొంతు ఒక్కటే వినపడేలా మొదలై తర్వాత డ్రమ్స్ అందుకుంటుంది. 1994లో అది పుట్టినప్పుడే 1960ల నాటి పాటలా వినపడేలా కట్టారు, అందుకే పుట్టిన రోజునే అది పరిచయమున్న పాటలా అనిపించింది. ఆమె పైస్థాయి స్వరాలు మనబోటివాళ్లకు అందవు, అయినా పాట పేరు వచ్చే చివరి ముక్క మాత్రం చిన్నపిల్ల కూడా అనగలదు. నువ్వు చూసుకోవలసింది అదే. క్యారల్స్‌లో ఒక ఇంటి గేటు ముందు నిలబడి పాడేటప్పుడు డోలక్ ఒక్కటే ఉంటుంది, కీబోర్డు ఆటోలోనే ఉండిపోతుంది, సగంమందికి గొంతు బొంగురుపోయి ఉంటుంది. తలుపు తీసి వచ్చిన ఇంటావిడ రెండోసారి పల్లవి వచ్చేసరికి గొంతు కలపగలగాలి. నీ పల్లవి మూడో పాదంలో ఊపిరి తీసుకునే చోటే లేదు, పైగా అక్కడే స్వరం పైకి లేచింది. స్టూడియోలో దాన్ని ముక్కలుగా పాడించి అతికిస్తారు. గేటు ముందు అతికించేవాళ్లు ఉండరు.

ఇక కాలం. పండుగ పాటకు ఉన్న వరం ఏమిటంటే అది పదకొండు నెలలు ఎవరి చెవినా పడదు. సినిమా పాట విని విని మొహం మొత్తుతుంది, ఇది మొత్తే లోపలే జనవరి వచ్చేస్తుంది. మళ్లీ డిసెంబరులో వినపడినప్పుడు నిరుడు ఎక్కడున్నామో, ఎవరు పక్కనున్నారో గుర్తు చేస్తుంది, ఏటా దాని మీద ఒక పొర చేరుతుంది. అందుకే తొలి ఏడాది ఫలితం చూసి పాటను తూచకూడదు. వామ్ పాట 1984లో బ్రిటన్ పాటల జాబితాలో రెండో స్థానంలోనే ఆగిపోయింది, ఇథియోపియా కరువు బాధితుల కోసం చేసిన పాట దాని ముందు నిలిచింది. వామ్ పాట మొదటి స్థానానికి వచ్చింది 2021 జనవరి 1న, జార్జ్ మైకేల్ పోయిన నాలుగేళ్లకు. మరయా కేరీ పాటను 1994లో అమెరికాలో విడి రికార్డుగా అమ్మకపోవడంతో అక్కడి పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలోకి ఎక్కే అర్హతే లేకపోయింది, 2019 డిసెంబరులో అదే జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అమెరికా గాయని బ్రెండా లీ పదమూడేళ్ల వయసులో 1958లో పాడిన క్రిస్మస్ పాట అక్కడికి చేరేసరికి 2023 వచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్లో ప్రతి వినికిడినీ లెక్కిస్తున్నారు గనుక పాత పాటలకు ఈ అవకాశం దొరికింది గాని, అన్నేళ్లూ వాటిని బతికించింది ఇళ్లల్లో, బళ్లల్లో, దుకాణాల్లో పాడుకున్న, వేసుకున్న మనుషులు. కనుక వ్యూలు రాలేదని జనవరిలో పాటను పక్కన పడేయవద్దు. వచ్చే ఏడు అదే పాటను మళ్లీ పాడించు, కొత్త పాట కావాలని యూత్‌వాళ్లు పట్టుబట్టినా పాడించు. మన సంఘాలు ఏటా కొత్త పాట వెంట పడడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. మంచి పాటకు రెండో డిసెంబరు ఇవ్వడం లేదు మనం.

స్టూడియోకు డబ్బు కట్టే ముందు ఒక పని చెయ్యి. పల్లవి మార్చి రాశాక, ట్రాక్ లేకుండా సండేస్కూలు పిల్లలకు నేర్పించు. నేర్పిన వారం ఏమీ అడగకు, మరుసటి ఆదివారం నువ్వు అందించకుండా పాడమని అడుగు. వాళ్లు ఏ మాట మరిచిపోతారో, ఏ మాటను తమంతట తాము మార్చి పాడతారో రాసిపెట్టుకో. వాళ్లు మార్చిన మాట చాలాసార్లు నువ్వు రాసినదానికంటే నోటికి బాగా తిరుగుతుంది, అప్పుడు మొహమాటపడకుండా దాన్నే ఉంచు. శ్రుతి ఒక మెట్టు దించు, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి పాడడానికి ఇప్పుడున్నది ఎక్కువ. ఇంటర్‌లూడ్‌లో వయొలిన్లు కావాలని రాశావు, ఈ పాటకు అవి అక్కరలేదని నా అభిప్రాయం, ఆ డబ్బుతో మంచి డోలక్ వాయించేవాణ్ణి పిలిపించు. కొత్త పల్లవి సిద్ధం కాగానే ఫోనులో పాడి పంపు, చరణాల మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మీ నాన్నగారికి నా వందనాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య