అటక మీది బోర్డు పంపుతున్నాను

అమ్మలూ,

నువ్వు ఉద్యోగం మానేసి, ఏ మెషీన్ మీదైనా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నాకూ భయమేసింది, కానీ ఫోన్ పెట్టగానే మీ పెద్దమ్మను పిలిచి గొప్పగా చెప్పుకున్నాను.

సీ భాషలో రాస్తావో రస్ట్ భాషలో రాస్తావో నీ ఇష్టం. ప్రాసెసర్‌ని బట్టి మారే కోడ్ విడిగా పెట్టు, పేజీ, అంటే మెమరీని పంచే ముక్క, 4 కిలోబైట్లే అనుకోకు. ఇవన్నీ నీకు తెలిసినవే. నేను అడిగేది ఒక్కటే, వేరే రకం ప్రాసెసర్ ఉన్న రెండో మెషీన్ ఎప్పుడు తెస్తున్నావు?

ఎందుకంటే నేను తేలేదు. 1990ల చివర్లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఇంటెల్ 386 ప్రాసెసర్ మీద నడిచే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, రాశాం, అందులో ఫైల్ సిస్టమ్ నాది. డిస్క్ మొదటి బ్లాకులో ఉండాల్సిన లెక్కలన్నీ ఒక స్ట్రక్చర్‌లో పెట్టి, మెమరీలో ఎలా ఉందో అలాగే డిస్క్ మీదకు దించేశాను. రెండేళ్లు చక్కగా నడిచింది. తర్వాత ఒక కస్టమర్ పవర్‌పీసీ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న బోర్డు తెచ్చి, పాత డిస్కు దీనికి తగిలిస్తే పని చేస్తుందా అని అడిగితే, చేస్తుందని చూడకుండానే చెప్పాను. 386 ఒక సంఖ్యలో చిన్న స్థానపు బైటు ముందు రాస్తుంది, ఆ బోర్డు పెద్ద స్థానపు బైటు ముందనుకుని చదువుతుంది. నేను 1 అని రాసింది దానికి 1,67,77,216 లాగా కనిపించింది. ఖాళీ బ్లాకులు కోట్లలో ఉన్నాయనుకుని కెర్నల్ ఆ కస్టమర్ రికార్డుల మీదే రాసుకుంటూ పోయింది. మూడు రోజులు నేను నా కోడ్ తెరిచి కూడా చూడలేదమ్మా, డిస్క్ డ్రైవర్ రాసిన కుర్రాణ్ణి అందరి ముందూ తిట్టాను. నాలుగో రోజు రాత్రి డిస్క్ మీది బైట్లన్నీ అంకెల్లో చూపే హెక్స్ డంప్ తీసి నా దగ్గరికి తెచ్చింది వాడే, ఒక్క మాట అనకుండా నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. ఆ రికార్డులు మళ్లీ రాలేదు.

అందుకే డిస్క్ మీదకీ నెట్‌వర్క్‌లోకీ వెళ్లే ప్రతి అంకెనూ, ఏ వరుసలో వెళ్లాలో నువ్వే చెప్పి, బైటు బైటుగా రాయి. యూనిక్స్‌ను వేరే మెషీన్లకు మార్చిన తొలి రోజుల నుంచే ఉన్న జబ్బు ఇది. యు, ఎన్, ఐ, ఎక్స్ అనే అక్షరాలు జతజతగా తారుమారై ఎన్, యు, ఎక్స్, ఐ అవుతాయని దానికి నక్సీ ప్రాబ్లమ్ అనే పేరే పెట్టారు.

ఇప్పుడన్నీ లిటిల్ ఎండియనే, అంటే చిన్న బైటు ముందు రాసేవే కదా పెదనాన్నా అంటావు. నిజమే, ఆర్మ్, రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లు దాదాపు అంతా అలాగే నడుస్తున్నాయి. కానీ ఇంటెల్ మీద వరుసగా కనిపించే మెమరీ రాతలు ఆర్మ్ మీద ఇంకో కోర్‌కి వరుస తప్పి కనిపించొచ్చు, వరుస తప్పొద్దని చెప్పే బ్యారియర్ ఆదేశం పెట్టకపోతే, ఒకే డేటాను రెండు కోర్లు ఒకేసారి ముట్టుకోకుండా ఆపే నీ లాక్ ఏ నెలకోసారో తప్పుతుంది, పట్టుకోవడం కష్టం. కొన్ని బోర్డుల్లో డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా పరికరమే మెమరీలోకి రాసే పద్ధతి) తెచ్చిన డేటాకు బదులు, ప్రాసెసర్ దగ్గరుండే చిన్న మెమరీ అయిన క్యాష్‌లోని పాతదే చదువుతావు. వేరే మెషీన్‌ను సాఫ్ట్‌వేర్‌లో నటించి చూపే క్యూఈఎంయూ క్యాష్‌ను అనుకరించదు, కాబట్టి అందులో ఎన్నిసార్లు నడిపినా ఈ తప్పు బయటపడదు. 1991లో లినక్స్ గురించి మొదట చెప్పినప్పుడు ఇది పోర్టబుల్ కాదని, అంటే వేరే మెషీన్లకు మార్చలేమని, దాన్ని రాసిన టోర్వాల్డ్సే చెప్పాడు, అంతా 386కే కట్టేసి ఉంది. దాన్ని ఆల్ఫా అనే ప్రాసెసర్‌కు మార్చేటప్పుడే అసలైన పని పడింది, 64 బిట్లు, 8 కిలోబైట్ల పేజీ, అన్నీ వేరు. నీ రెండో మెషీన్ కూడా మొదటిదానికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. మొదటి నెలలోనే తెచ్చుకో, కోడ్ లక్ష లైన్లయ్యాక కాదు.

రాత్రి రెండింటి దాకా కూర్చుంటున్నావట. అలా కూర్చునే నేను ఆ కుర్రాణ్ణి తిట్టాను, కళ్లు మండుతుంటే ఎదుటివాళ్ల తప్పే కనిపిస్తుంది. పదకొండుకల్లా పడుకో. డబ్బు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను, అది నువ్వు పట్టించుకోకు.

ఆ పవర్‌పీసీ బోర్డు కంపెనీ వాళ్లు తుక్కు కింద అమ్మేస్తుంటే నేనే కొనుక్కున్నాను. ఇన్నాళ్లూ అటక మీదే ఉంది. నిన్న దించి దుమ్ము దులిపి కరెంటిస్తే సీరియల్ పోర్టులో అక్షరాలు వచ్చాయి. కేబుల్‌తో సహా రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తాను. నీ కెర్నల్ దాని మీద మొదటి లైను ప్రింట్ చేసిన రోజు ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న