రేసింగ్ ఇంజిన్ కట్టేటప్పుడు కంప్రెషన్ రేషియో ఎలా కొలవాలి? గేజ్ పెడితే సరిపోదా?

కంప్రెషన్ రేషియో అంటే పిస్టన్ కింద ఉన్నప్పటి సిలిండర్ ఖాళీ, అది పైకి వచ్చాక ఎన్నో వంతుకు కుదించుకుపోతుందన్న అంకె. పిస్టన్ల పెట్టె మీద అది 12.5 అని రాసి ఉంది, కావాలంటే కంప్రెషన్ గేజ్ పెట్టి చూసుకోవచ్చు, మరి బ్యూరెట్‌తో, అంటే సీసీల గీతలున్న సన్నని గొట్టంతో నీళ్లు పోసి కొలవడం ఎందుకు అని అడిగారు. నేను రేసింగ్ ఇంజిన్లు కట్టే పనిలో ఉన్నాను. బ్యూరెట్ పెట్టకుండా ఏ హెడ్‌నూ, అంటే సిలిండర్ల పై మూతను, బిగించను.

పెట్టె మీది అంకె తయారీదారు వేసుకున్న లెక్క. హెడ్‌లో ఇంధనం మండే గుంట, అంటే ఛాంబర్ ఇంత, హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య వేసే గ్యాస్కెట్ మందం ఇంత, పిస్టన్ బ్లాక్ అంచుకు ఇంత కింద ఆగుతుంది అని ముందే అనుకుని ఆ అంకె వేస్తారు. వాల్వ్ సీట్లు కొత్తగా కోసినా, హెడ్‌ను రాపించినా ఆ లెక్క మీ ఇంజిన్‌కు వర్తించదు. 12.5 అని చెప్పిన పిస్టన్లే వేసిన ఒక ఇంజిన్‌ను కొలిస్తే నాకు 11.6 వచ్చింది. పిస్టన్లలో ఏ లోపమూ లేదు. పెద్ద వాల్వుల కోసం ఆ హెడ్‌లో ఛాంబర్లను వెడల్పు చేశారు, తేడా అక్కడే వచ్చింది.

ఇక గేజ్ చూపించేది ఒత్తిడి, రేషియో కాదు. ఇన్‌టేక్ వాల్వ్ ఎప్పుడు మూసుకుంటుంది, స్టార్టర్ ఎంత వేగంగా తిప్పుతోంది, రింగులు ఎంత బాగా కూర్చున్నాయి, ఇవన్నీ ఆ అంకెలో కలిసిపోతాయి. వాల్వులను తెరిచి మూసే క్యామ్ రేసింగ్‌ది అయితే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది కాబట్టి నెమ్మదిగా తిప్పినప్పుడు కొంత గాలి వెనక్కి పోతుంది. రేషియో ఎక్కువున్న ఇంజిన్ కూడా గేజ్ మీద తక్కువ చూపించవచ్చు. సిలిండర్ల మధ్య తేడాలు, లీకులు పట్టుకోవడానికి గేజ్ మంచి సాధనమే, రేషియో కనిపెట్టడానికి మాత్రం కాదు.

లెక్క చిన్నదే. పిస్టన్ కింది నుంచి పైకి వచ్చేటప్పుడు తుడిచే ఘనపరిమాణాన్ని, అది పైన ఆగినప్పుడు మిగిలే ఖాళీతో భాగించి 1 కలపాలి. 81 మి.మీ. బోర్, 77.6 మి.మీ. స్ట్రోక్ అనుకుందాం. ఒక్కో సిలిండర్ 399.87 సీసీ. రేషియో 12 కావాలంటే పైన మిగిలే ఖాళీ 36.35 సీసీ ఉండాలి. కష్టమంతా ఈ 36 సీసీలోనే ఉంది. ఇందులో ఒక్క సీసీ తగ్గితే రేషియో దాదాపు 0.3 పెరుగుతుంది. నాకింగ్, అంటే మిశ్రమం దానంతటదే అంటుకుని ఇంజిన్‌ను కొట్టడం, అంచున నడిచే ఇంజిన్‌కు అది చిన్న విషయం కాదు.

హెడ్‌తో మొదలుపెట్టండి. వాల్వులు, రేసులో వాడబోయే స్పార్క్ ప్లగ్ బిగించే కొలవాలి, ఎందుకంటే ప్లగ్ కొన ఎంత లోపలికి వస్తుందన్నది కూడా కొలతలోకి వస్తుంది. హెడ్ ముఖం చుట్టూ పలుచగా గ్రీజు రాసి, వంగని మందపాటి అక్రిలిక్ పలకను అద్దండి. పలకలో రంధ్రం అంచు దగ్గర ఉండాలి. ఆ రంధ్రం పైకి వచ్చేలా హెడ్‌ను కొద్దిగా వంచితే గాలి బుడగలన్నీ అటే పోతాయి. ఒక్క బుడగ మిగిలినా కొలత తప్పినట్టే. రంగు కలిపిన నీళ్లలో రెండు చుక్కలు సబ్బు వేస్తే మూలలకు బాగా పాకుతుంది. స్పిరిట్ వాడితే అక్రిలిక్‌కు సన్నని పగుళ్లు వస్తాయి. బ్యూరెట్‌లో నీటి వంపు అడుగుభాగాన్ని కంటి ఎత్తులో పెట్టి చదవండి. అన్ని ఛాంబర్లూ ఇలాగే కొలిచి, చిన్నవాటిని రాపి పెద్దదానికి సమానం చేయండి. లోహాన్ని తీయగలం కానీ తిరిగి పెట్టలేం కదా.

పిస్టన్ పైభాగంలో డోమ్ అనే ఉబ్బు, వాల్వులు తగలకుండా చేసిన గుంటలు ఉంటే వాటిని స్కేలుతో కొలవలేం. డయల్ గేజ్ పెట్టి పిస్టన్ చదునైన అంచును బ్లాక్ ముఖానికి సరిగ్గా 10 మి.మీ. దించండి. పైన చెప్పిన బోర్‌లో పిస్టన్ చదునుగా ఉంటే ఆ ఎత్తులో 51.53 సీసీ పడుతుంది. పక్క సందును గ్రీజుతో మూసి, మిగిలిన గ్రీజు తుడిచేసి, పలక అద్ది నీళ్లు పోయండి. 45.03 పట్టిందంటే డోమ్ నికరంగా 6.5 సీసీ ఆక్రమించిందన్న మాట. పిస్టన్ తనను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే గడ్జన్ పిన్ మీద అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, అది పైన ఆగే ఎత్తును పిన్ వెళ్లే దిశలోనే చూడాలి. పక్కల్లో చూస్తే ఊగు వల్ల తేడా చూపిస్తుంది.

ఇప్పుడు కూడండి. హెడ్ 36 సీసీ. నొక్కుకున్నాక 1 మి.మీ. మందం, 82.5 మి.మీ. రంధ్రం ఉన్న గ్యాస్కెట్ 5.35. పిస్టన్ 0.2 మి.మీ. కింద ఆగితే 1.03. మొదటి రింగు పైన ఉండే సన్నని సందు సుమారు 0.38. ఇందులోంచి డోమ్ 6.5 తీసేస్తే 36.26, రేషియో 12.03. గ్యాస్కెట్ లెక్కకు సిలిండర్ బోర్ కాదు, గ్యాస్కెట్ రంధ్రం వ్యాసమే తీసుకోవాలి. మందం కూడా బిగించాక ఉండేదే.

రేషియో ఎక్కువ వస్తే మందపాటి గ్యాస్కెట్ వేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. 1.3 మి.మీ. గ్యాస్కెట్ వేస్తే పై ఉదాహరణలో రేషియో సుమారు 11.56కి దిగుతుంది, నిజమే. కానీ పిస్టన్ అంచుకూ హెడ్‌కూ మధ్య స్క్విష్ సందు 1.2 నుంచి 1.5 మి.మీ.కి పెరుగుతుంది. మిశ్రమాన్ని మధ్యకు తోసి, నాకింగ్‌ను అడ్డుకునేది ఆ ఇరుకు సందే. అందుకే రేషియో తగ్గించాలంటే స్క్విష్ సందును అలాగే ఉంచి ఛాంబర్‌ను, లేదా పిస్టన్ మధ్యభాగాన్ని రాపడమే నాకు నచ్చిన దారి.

మీరు పోటీపడే రేసు తరగతి నిబంధనల్లో గరిష్ఠ రేషియో ఉందేమో ముందే చూసుకోండి. ఫార్ములా వన్‌లో కూడా ఈ పరిమితి ఉంది, 2026 నిబంధనల్లో దాన్ని 18 నుంచి 16కి తగ్గించారు. పరిమితి 12 అయితే 12.03 చెల్లదు, కొంచెం కిందే ఉంచుకోండి.

రేషియో తక్కువొచ్చి హెడ్ కోయించాల్సి వస్తే, ఎంత కోయాలో కూడా బ్యూరెట్టే చెబుతుంది. పలక తీసేసి, హెడ్ ముఖాన్ని లెవెల్‌గా పెట్టి, మీకు కావాల్సినన్ని సీసీలు మాత్రమే ఛాంబర్‌లో పోయండి. నీటి మట్టం నుంచి హెడ్ ముఖం దాకా ఉన్న ఎత్తును డెప్త్ గేజ్‌తో కొలవండి. అంత మందం కోయమని మెషిన్ షాపులో చెప్పండి, కోశాక మళ్లీ ఒకసారి నీళ్లు పోసి చూడండి.