ఐసీయూ నర్సులకు నైతిక అవగాహన చదువుతో వస్తుందా, అనుభవంతో వస్తుందా?

మీ చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి ఐసీయూలో చేరబోతోందనీ, నైతిక విషయాల్లో అవగాహన అనుభవం మీద దానంతటదే వస్తుందని అక్కడి వారు చెప్పారనీ, అది నిజమేనా అనీ అడిగారు. నెల్లూరులోని ప్రైవేటు ఆసుపత్రుల ఐసీయూల్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. నా అనుభవంలో చాలాసార్లు దీనికి విరుద్ధంగానే జరిగింది. సూత్రాలు చదువులో వస్తాయి, చేతి నైపుణ్యం అనుభవంతో వస్తుంది, కానీ మంచం మీద ఉన్నది మనిషి అన్న ఎరుకను అదే అనుభవం మెల్లగా మొద్దుబారుస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఉదయగిరి వైపు నుంచి ఒక రైతును తీసుకొచ్చారు. ఇంట్లో నేల మీద పడుకున్నప్పుడు కట్లపాము కరిచింది. దాని కాటు పెద్దగా నొప్పి పుట్టించదు, గాటు కూడా సరిగా కనిపించదు, అందుకే తెల్లవారి రెప్పలు వాలిపోయేదాకా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆ విషం నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాలను ఆపేస్తుంది. ముందు రెప్పలు, తర్వాత ముఖం, గొంతు, చివరకు ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. విరుగుడు మందు ఇచ్చినా అప్పటికే దెబ్బతిన్న నరాల కొసలు వెంటనే కోలుకోవు కాబట్టి, అవి కోలుకునేదాకా కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉంచాలి. ఒక్కోసారి కంటిపాప వెలుతురుకు కూడా స్పందించదు. చూసేవారికి మెదడు చనిపోయినట్టే ఉంటుంది, కానీ లోపల మనిషి పూర్తి స్పృహతో అన్నీ వింటూ ఉండవచ్చు.

ఇది నాకు తెలియని విషయం కాదు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. అయినా రెండో రోజు రాత్రి హ్యాండోవర్ ఇస్తూ, అంటే డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పజెబుతూ, ఆయన కాళ్ల దగ్గరే నిలబడి, "ఈ బెడ్డు రేపటికి ఖాళీ అవుతుందిలే" అని తోటి సిస్టర్‌తో అన్నాను. ఆయన తమ్ముడు అంతకుముందే నా దగ్గరికి వచ్చి, "సిస్టరమ్మా, కన్ను గూడా తెరవటం లేదు గదా, ఇంటికి తీసకపోతాం" అన్నాడు. డబ్బు అయిపోతోందన్నది ఆయన చెప్పని మాట. లామా కాగితం మీద సంతకం పెట్టించడమంటే, సొంత బాధ్యతపై రోగిని తీసుకుపోతున్నట్టు రాయించుకోవడం, మాకు రోజువారీ పనే. ఆ రాత్రి డ్యూటీ డాక్టరు గారు తమ్ముడిని కూర్చోబెట్టి, ఇది నయమయ్యే జబ్బనీ, ఊపిరి నిలబెడితే మనిషి దక్కవచ్చనీ అరగంట విడమరచి చెప్పకపోతే, నేను ఆ కాగితం అందించి ఉండేదాన్నే.

ఆరో రోజు రెప్పలు లేచాయి. ట్యూబు తీసిన మర్నాడు నేను ఒళ్లు తుడుస్తుంటే, బొంగురు గొంతుతో, "బెడ్డు ఖాళీ అవుతుందన్నది నువ్వే గదమ్మా?" అని అడిగాడు. కోపంగా అడిగి ఉంటే నాకు సులువుగా ఉండేది.

నియమావళులు లేక ఈ తప్పులు జరగడం లేదు. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లోనే నైతిక నియమావళిని ఆమోదించింది, 2021లో మళ్లీ సవరించింది. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ దాడికి గురై, తెలివి లేక మంచాన పడిన అరుణా షాన్‌బాగ్‌ను అప్పటికి ముప్పై ఏడేళ్లుగా సాకినది అక్కడి సిబ్బంది కాబట్టి, ఆమెను బతికించి ఉంచాలా వద్దా అన్న కేసులో ఆమె తరఫున మాట్లాడే హక్కు వారిదేనని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. అంటే నర్సు మాటకు బరువుంది. అయితే కోలుకోలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని (దీన్నే ముందస్తు వైద్య నిర్దేశం అంటారు) సుప్రీంకోర్టు ఇచ్చిన 2018 తీర్పు, ఆ పద్ధతిని సులువు చేసిన 2023 ఉత్తర్వు, మా వార్డులో ఎందరికి తెలుసునంటే నేను జవాబు చెప్పలేను.

ఇంకొక చిక్కు ఉంది. తెలిసి కూడా చేయలేకపోవడం. వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలంటారు. ముగ్గురిని ఒక్కదాన్నే చూసిన రాత్రులున్నాయి. అలాంటి రాత్రి, ట్యూబు పీక్కుంటాడేమోనన్న భయంతో చేతులు మంచానికి గుడ్డతో కడతాము. అది ఆయన భద్రత కోసమా, మా మనుషుల కొరత కోసమా అన్న ప్రశ్న కట్టేటప్పుడే మనసులో మెదలాలి. జవాబు రెండోదైతే ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్పి కేసు షీటులో రాయాలి. నేను మొదట్లో రాసేదాన్ని కాదు, ఎందుకంటే రాస్తే తిట్లు పడతాయి. ఇప్పుడు రాస్తున్నాను. తిట్లు ఇప్పటికీ పడుతున్నాయి.

మీ చెల్లెలికి ఒక్క మాట చెప్పండి. కదలని రోగికి సక్షన్ పెట్టేముందు, అంటే గొట్టంతో కఫం లాగేముందు, పక్కకు తిప్పేముందు, పేరు పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నదో ఆయనకే చెప్పమనండి. తోటివారు మొదటి వారం నవ్వుతారు. మా వార్డులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూసి ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.