అల్లుడికి ఉత్తరం: కొత్త కోచ్ ఓడుతున్నప్పుడు

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

శనివారం రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్‌లు పదకొండూ విన్నాను. మీ అత్తయ్యకి మాత్రం వినిపించలేదు, ఆ భాష ఆవిడ చెవిన పడకూడదు. మీ అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కొత్త కోచ్ వచ్చి ఎనిమిది గేములైంది, ఆరు ఓడారు, ఇక మూటాముల్లె సర్దించాలి అంటావు. ఫోన్లో చెబితే నువ్వు మధ్యలో అడ్డొస్తావని రాస్తున్నా.

నేను ఎమ్మెస్‌కి నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌లో దిగింది 1995 ఆగస్టులో. ఆ సీజన్‌లో నెబ్రాస్కా యూనివర్సిటీ జట్టు ఒక్క గేమూ ఓడలేదు. చివరికి ఫ్లోరిడాని 62-24తో చితక్కొట్టింది. 1997లో మళ్లీ పదమూడుకి పదమూడు. క్రికెట్ తప్ప ఇంకోటి తెలియని నేను, ఈ ఊళ్లో శనివారమంటే గెలుపేననుకున్నా. టామ్ ఆస్బోర్న్ 1973లో ఆ జట్టుకి కోచ్ అయ్యాక వరసగా అయిదేళ్లు ఓక్లహోమా చేతిలో ఓడాడనీ, 1978లో గానీ వాళ్లని 17-14తో గెలవలేకపోయాడనీ, ఆయనకి మొదటి జాతీయ టైటిల్ ఇరవై రెండో సీజన్‌లో, 1994లో వచ్చిందనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వంటంతా అయ్యాక విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి నేను.

అందుకే 2014లో మా కోచ్ బో పెలినీని తీసేసినప్పుడు సంబరపడ్డాను. ఏడేళ్లలో ఏ ఏడూ తొమ్మిది గెలుపులకి తగ్గని మనిషి. తొమ్మిదేంటి, పన్నెండు రావాలి అని ఆఫీసులో వాదించిన వాళ్లలో నేనూ ఉన్నా. ఆ తర్వాత ఏమైందో నీకు తెలుసు. 2017 నుంచి 2023 దాకా ఏడేళ్లు బౌల్ గేమ్ (సీజన్ అయ్యాక, మామూలుగా ఆరు గెలిచిన జట్లకి దక్కే అదనపు మ్యాచ్) మొహం చూడలేదు. 2021లో తొమ్మిది ఓడితే ఆ తొమ్మిదీ పది పాయింట్లలోపు తేడాతోనే. ఊరికే ఓడితే బాధ ఉండదురా, ఆ చివరి రెండు నిమిషాలే మనిషిని తినేస్తాయి.

2023లో మ్యాట్ రూల్ కోచ్‌గా వచ్చాడు. ఎనిమిది గేముల్లో అయిదు గెలిచి, ఇంకొక్కటి గెలిస్తే బౌల్ అనగా, మిగతా నాలుగూ ఓడాడు. 13-10 స్కోరుతో ఆ ఒక్క సీజన్‌లోనే మూడుసార్లు ఓడాం. చివరిది అయోవాతో, సమయం అయిపోతుండగా స్తంభాల మధ్యకి బంతి తన్ని కొట్టిన ఫీల్డ్ గోల్‌తో. నా పక్క సీటులో ఒక పెద్దావిడ కూర్చుంటుంది, వాళ్ల నాన్న నాటి టికెట్లట. ఎర్ర ఉన్ని దుప్పటి, ఫ్లాస్కులో కాఫీ, మెళ్లో పాత బైనాక్యులర్స్. స్టేడియమంతా నోట మాట లేకుండా కూర్చుంటే ఆవిడ దుప్పటి మడత పెడుతూ, "ఎడమ పక్క ఆ కుర్రాడు సెప్టెంబర్లో కంటే నయం, కాళ్లు నేలకి ఆనుతున్నాయి" అంది. నాకు ఒళ్లు మండింది. ఓడిపోయాం కదండీ అన్నా. "నువ్వు బంతిని చూశావు, నేను ఆ అయిదుగురిని చూశాను" అంది.

నీకు చెప్పాలనుకున్నది అదే. ఈ ఏడాది స్కోరు బోర్డు నీకేమీ చెప్పదు. బంతి చేతికొచ్చాక అందరూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని చూస్తారు, నువ్వు రెండు సెకన్లు అఫెన్సివ్ లైన్‌ని, అంటే అతన్ని కాచే ముందువరస అయిదుగురిని చూడు. అక్కడి కుర్రాళ్లు పద్దెనిమిదేళ్లకి బరువుతో వస్తారు గానీ బలంతో రారు. ఆ బలం వెయిట్ రూమ్‌లో రెండు చలికాలాలు గడిపితే వస్తుంది. అందుకే చాలామందిని మొదటి ఏడాది ఎక్కువగా ఆడించరు. మీ కోచ్ తెచ్చుకున్న కుర్రాళ్లు ఇప్పుడు బెంచీ మీద ఉన్నారు. నువ్వు తిడుతున్న అయిదుగురు పాతాయన తెచ్చినవాళ్లు.

"మరి ఇండియానా యూనివర్సిటీ?" అంటావు. అంటావని తెలుసు. 2023లో మూడు గెలుపులు, కర్ట్ సిగ్నెట్టి కోచ్‌గా వచ్చిన 2024లో పదకొండు. నిజమే, ఆటగాళ్లు వేరే కాలేజీకి మారడానికి పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఒక్క ఏడాదిలో జట్టు మారొచ్చు. కానీ ఆయన తన పాత జట్టు జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి తన ఆటగాళ్లని డజనుకి పైగా వెంట తెచ్చుకున్నాడు. తన పద్ధతి ముందే తెలిసినవాళ్లు, వయసొచ్చినవాళ్లు. ఇల్లు మారేటప్పుడు వంటసామానుతో సహా వచ్చినట్టు. మీ కోచ్ ఖాళీ చేతులతో వచ్చాడు. రూల్ సంగతి చూడు: అంతకుముందు టెంపుల్ యూనివర్సిటీలో మొదటి ఏడాది రెండు గెలుపులు, మూడో ఏడాది పది. బేలర్‌లో మొదటి ఏడాది ఒక్కటే, మూడో ఏడాది పదకొండు.

అలాగని గుడ్డిగా కూర్చోమనను. నాకు ఓపిక పోయే సందర్భాలున్నాయి. రెండో ఏడాది నవంబర్లో కూడా అవే ఫాల్స్ స్టార్ట్ (ఆట మొదలవకముందే కదలడం) పెనాల్టీలు. సీజన్ అవగానే మంచి ఆటగాళ్లు పోర్టల్ వైపు పరుగెత్తడం. అన్నిటికంటే ముఖ్యం, తప్పు తనదైనప్పుడు కోచ్ ఏం చేస్తున్నాడన్నది. 2024 నవంబర్లో అఫెన్స్, అంటే బంతి మన చేతిలో ఉన్నప్పటి ఆట, నత్తనడక నడుస్తుంటే రూల్ సీజన్ మధ్యలోనే ఆ బాధ్యత డానా హోల్గర్సన్ అనే మరో కోచ్ చేతిలో పెట్టాడు. అదే నెలలో విస్కాన్సిన్‌ని 44-25తో కొట్టి, 2016 తర్వాత మొదటిసారి బౌల్‌కి వెళ్లాం. ఆ పూట పెద్దావిడ బైనాక్యులర్స్ తియ్యనే లేదు, ఏడుస్తూ కూర్చుంది. తర్వాతి వారమే అయోవా మళ్లీ అదే 13-10తో, మళ్లీ ఆఖరి ఫీల్డ్ గోల్‌తో ఓడించిందనుకో, అది వేరే కథ.

ఇంకొక్క మాట, ఇది కాస్త గట్టిగానే చెబుతున్నా. బంతి జారవిడిచిన ఆ కుర్రాడికి ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టానన్నావే, అది తీసెయ్. వాడికి పంతొమ్మిదేళ్లు. నీ తమ్ముడి ఈడు. కోచ్‌ని తిట్టుకో, ఆయన మిలియన్లు తీసుకుంటున్నాడు. మూడో క్వార్టర్లో లేచి పార్కింగ్‌కి పరుగెత్తడం కూడా మానెయ్. కొత్త కుర్రాళ్లని దించేదే అప్పుడు, వచ్చే ఏడాది జట్టు నీకు అక్కడే కనిపిస్తుంది. లింకన్‌లో అయితే గెలిచి వెళ్తున్న అవతలి జట్టుకి కూడా చప్పట్లు కొడతారు. మొదట్లో నాకది పిచ్చిగా అనిపించేది.

ఈ శనివారం నాలుగో క్వార్టర్ అయ్యాక ఫోన్ చెయ్యి. స్కోరు నేను టీవీలో చూసుకుంటా. ఎడమ పక్క ఇద్దరూ ఎలా నిలబడ్డారో నువ్వు చెప్పు. చలి బాగా ఉంటుందంటున్నారు, ఉన్ని సాక్సులు రెండు జతలు వేసుకో. అత్తయ్య పులిహోర పొడి పార్సిల్ చేసింది, గురువారానికి అందాలి.

మీ మామయ్య
ఒమాహా