చీకటి నీటిలో ఎర్రని రొయ్యలు

ప్రశ్న: లోతైన సముద్రంలోకి దింపిన కెమెరాల ప్రత్యక్ష ప్రసారాలను కొంతకాలంగా చూస్తున్నాను. సూర్యరశ్మి చేరని చోట రొయ్యలు, జెల్లీఫిష్‌లు అంత ఎర్రగా ఎందుకుంటాయి? ఆ దీపాల వెలుగు వాటికి ఇబ్బంది కాదా? తెర మీద పక్కపక్కనే కనిపించే రెండు చుక్కలేమిటి?

జవాబు: మీరు చూస్తున్న ఎరుపు మన దీపం పడ్డప్పుడే ఎరుపు. ఎర్రని కాంతిని పైపొరల్లోనే నీరు పీల్చేసుకుంటుంది. అంతకంటే కిందికి దిగేది ప్రధానంగా నీలికాంతి. వెయ్యి మీటర్లు దాటాక ఆ నీలం కూడా అందదు. ఇక అక్కడ ఉండే వెలుగు ప్రాణులు తమ శరీరాల నుంచి వెలువరించేదే, అదీ చాలావరకు నీలమే. ఎర్రని ఒళ్లు నీలికాంతిని తిరిగి పంపదు కనుక వేటకు వచ్చిన చేప కంటికి ఆ రొయ్య చీకట్లో కలిసిపోతుంది. కొన్ని డ్రాగన్ చేపలు మాత్రం కళ్ల దగ్గర ఎర్రని దీపం లాంటి అవయవంతో, ఆ వెలుగును చూడగల కళ్లతో ఈ దాపరికాన్ని ఛేదిస్తాయి.

దీపాల గురించి మీ అనుమానం సబబైనదే. తెల్లని కాంతి, యంత్రపు చప్పుడు కలిసి చాలా ప్రాణులను దూరంగా తరుముతాయి. కాబట్టి ఈ ప్రసారాల్లో మనకు ఎక్కువగా కనిపించేవి పారిపోలేనివీ, పట్టించుకోనివీ అని నా అభిప్రాయం. ఎడిత్ విడ్డర్ అనే శాస్త్రవేత్త ఈ చిక్కుకు మంచి ఉపాయం పన్నారు. చాలా ప్రాణులకు కనిపించని ఎర్రని కాంతితో పనిచేసే, చప్పుడు చేయని కెమెరాను దింపి, దాని ముందు నీలి దీపాల ఎరను వేలాడదీశారు. అటోల్లా అనే జెల్లీఫిష్ శత్రువుకు చిక్కినప్పుడు, ఆ శత్రువును తినే మరింత పెద్ద జంతువును రప్పించడానికన్నట్టు గిర్రున తిరిగే వెలుగులు చిమ్ముతుంది. ఆ ఎర దానికి అనుకరణ. 2012లో జపాన్‌కు చెందిన ఒగసవార దీవుల దగ్గర, అంతవరకు వీడియోకు దాదాపుగా చిక్కని జెయింట్ స్క్విడ్ (ఆక్టోపస్‌కు బంధువైన భారీ సముద్రజీవి) ఆ ఎర దగ్గరికి తానే వచ్చింది.

తెల్లని దీపాలు వ్యర్థమని కాదు. 2016లో హవాయి దీవుల ప్రాంతంలో సుమారు 4,290 మీటర్ల లోతున, నేల మీద కదలక కూర్చున్న పాలిపోయిన ఆక్టోపస్ ఒకటి, ఓడ మీది నుంచి నడిపే, కెమెరాను మోసుకెళ్లే రిమోట్ వాహనానికి అలాగే కనిపించింది. దానికి ‘కాస్పర్’ అని ముద్దుపేరు పెట్టారు.

ఇక ఆ రెండు చుక్కలు వాహనం నుంచి సమాంతరంగా వెలువడే లేజర్ కిరణాలవి. వాటి మధ్య దూరం ముందే తెలిసి ఉంటుంది. చాలా వాహనాల్లో అది 10 సెంటీమీటర్లు. పోల్చి చూడడానికి చుట్టూ పరిచితమైన వస్తువేదీ లేని చోట బొటనవేలంత ప్రాణి కూడా తెర మీద భూతంలా కనిపించవచ్చు. ఈసారి చుక్కలు దాని పక్కన నేల మీద పడేదాకా ఆగి, పరిమాణాన్ని మీరే లెక్కగట్టుకోండి.