ఎక్కనన్న అబ్బాయికి ధైర్యం లేదని ఎవరన్నారు?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. చెట్ల సంరక్షణ చేసే ఒక సంస్థలో శిక్షణ కోసం చేరాడు. మూడో వారంలో ఎండిపోయిన పెద్ద చెట్టు ఎక్కమంటే, దాని మొదలు దగ్గర పుట్టగొడుగులు మొలిచాయని చెప్పి ఎక్కనన్నాడు. మేస్త్రీ పనికిరావని పంపేశాడు, తోటివాళ్లు నవ్వారు. నేర్చుకునే రోజుల్లో పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని నేనూ మందలించాను. ఇప్పుడు డ్రోన్లతో చెట్లను సర్వే చేసే కోర్సులో చేర్పించాలనుకుంటున్నాను. అందులో ఎక్కే పని లేదు కాబట్టి ప్రమాదం కూడా లేదంటున్నారు. ఈ రెండు దారుల్లో ఏది మేలు? మావాడికి అసలు ధైర్యం తక్కువా? – ఒక తండ్రి

జవాబు: మీరు చివర్లో అడిగిన ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. ఎత్తులో పనిచేసే వృత్తుల్లో పిల్లలను చేర్పించిన తల్లిదండ్రులు ఇదే ప్రశ్నను వేర్వేరు మాటల్లో నన్ను చాలాసార్లు అడిగారు. మీ అబ్బాయికి ధైర్యం తక్కువ కాదు. మూడు వారాల అనుభవంతో, మేస్త్రీ ఎదుట, నవ్వుతున్న తోటివారి మధ్య నిలబడి కారణం చూపించి మరీ ఎక్కనని చెప్పడం ఆ వృత్తిలో పదేళ్లుగా ఉన్నవారిలోనూ అందరూ చేయగలిగిన పని కాదు.

అతను చూపించిన కారణం కూడా సరైనదే. చెట్టు మొదట్లో గానోడెర్మా వంటి శిలీంధ్రాలు కనిపించాయంటే లోపల కాండం అడుగుభాగమో, బరువు మోసే వేళ్లో కుళ్లుతూ ఉండవచ్చు. పైన ఆకులు పచ్చగా ఉన్న చెట్టు విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, ఎండిన చెట్టు సంగతి వేరే చెప్పనక్కరలేదు. పచ్చి కలప వంగి సూచన ఇస్తుంది, ఎండు కలప చెప్పాపెట్టకుండా విరుగుతుంది. ఎక్కినవాడి బరువుకు తోడు, పైనుంచి నరికిన దుంగను తాడుతో ఆపినప్పుడు పడే కుదుపు ఆ దుంగ బరువుకు ఎన్నో రెట్లుగా అదే కాండం మీద పడుతుంది. అలాంటి చెట్టుకు లిఫ్ట్ ప్లాట్‌ఫామో, క్రేనో తెప్పించాలి, లేదా చుట్టూ ఖాళీ ఉంటే నేల మీదినుంచే కూల్చే మార్గం చూడాలి. బ్రిటన్‌లో 2005లో వచ్చిన 'ఎత్తులో పని' నిబంధనలు కూడా ఈ వరుసనే పాటించమంటాయి: వీలైతే ఎత్తులో పనిని పూర్తిగా తప్పించాలి, తప్పనప్పుడు పడిపోకుండా ఆపే ఏర్పాటు చేయాలి, అదీ కుదరనప్పుడే పడినా దెబ్బ తగ్గించే ఉపాయం వెతకాలి. మీ అబ్బాయి ఆ నిబంధనలు చదివి ఉండకపోవచ్చు, కానీ వాటి సారం అతనికి తెలుసు.

ఇక మీరు మందలించిన మాటకు వస్తాను. నన్ను క్షమించండి, అది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఈ వృత్తిలో ప్రాణాలు తీసేవి ప్రధానంగా మూడు: పైనుంచి పడిపోవడం, కొమ్మో చెట్టో మీద పడటం, కరెంటు తగలడం. ఈ మూడింటి వెనుకా చాలాసార్లు వినిపించేది ఒకే కథ. ఏదో సరిగ్గా లేదని ఒకరికి అనిపించింది, కాని ఆ మాట పైకి చెప్పలేకపోయారు. చెప్పగలిగే అలవాటు మీ అబ్బాయికి సహజంగా ఉంటే, దాన్ని మాన్పించే పని మేస్త్రీతో పాటు మీరు కూడా చేపట్టారు. పెద్దల పట్ల గౌరవం వేరు, కుళ్లిన చెట్టు మీద మౌనం వేరు. ఈ తేడా ఇంట్లో నేర్పకపోతే పనిచోట ఎవరూ నేర్పరు.

ఆ తోటివారు దుర్మార్గులని నేను అనుకోవడం లేదు. ఇరవై ఏళ్లుగా హెల్మెట్ లేకుండా ఎక్కుతున్న మనిషికి ఏమీ కాకపోతే, కలిసొచ్చిన రోజులన్నిటినీ అతను తన నైపుణ్యం ఖాతాలోనే రాసుకుంటాడు. దొడ్డిదారిన చేసిన పని క్షేమంగా ముగిసిన ప్రతిసారీ ఆ దారే సరైనదన్న నమ్మకం బలపడుతుంది. దీనికి తోడు రోజుకు ఇన్ని చెట్లని బేరం కుదిరి ఉంటుంది, రెండో తాడు కట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, కొత్త కుర్రాడికేమో నెమ్మదస్తుడనిపించుకుంటానేమోనన్న భయం. చైన్‌సా (మోటారుతో తిరిగే గొలుసు రంపం) నుంచి కాళ్లను కాపాడే ప్యాంటు ఎండలో ఒళ్లు ఉడికించేస్తుందన్న ఫిర్యాదు అబద్ధమేమీ కాదు. అయితే ఆ ప్యాంటు పొరల్లో ఉండే పొడవైన నారలు, గొలుసు తాకగానే బయటికి లాగబడి రంపం చక్రానికి చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. అందులో మొదటి తరగతి ప్యాంటును సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగే గొలుసు మీద పరీక్షిస్తారు. పైన పిడి ఉన్న చిన్న రంపాలను ఒంటిచేత్తో వాడటం కూడా ఇలాంటి అలవాటే. చూడటానికి అది ఒంటిచేతికే చేసినట్టుంటుంది, వీడియోల్లో గొప్పగానూ కనిపిస్తుంది. కానీ బార్ (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పలక) మొన పైభాగం దేనికైనా తగిలి రంపం వెనక్కి తన్నినప్పుడు దాన్ని అదుపు చేయడానికి రెండో చెయ్యి ఉండదు. ఆ చెయ్యి అప్పుడు కోస్తున్న కొమ్మను పట్టుకుని, గొలుసు వచ్చే దారిలోనే ఉంటుంది.

హెల్మెట్ పెట్టుకోగానే భద్రత పూర్తయిందనుకునేవారినీ నేను చూశాను, వారి గురించీ ఒక మాట చెప్పాలి. 40 సెంటీమీటర్ల మందం, మీటరు పొడవు ఉన్న పచ్చి దుంగ వంద కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. అది పది మీటర్ల ఎత్తునుంచి నేల చేరేసరికి దాని వేగం గంటకు 50 కిలోమీటర్లు. దాని కింద నిలబడ్డవాడిని ఏ హెల్మెట్టూ కాపాడదు. కొమ్మలు పడే చోట ఎవరూ నిలబడకూడదన్న కట్టుబాటు, కోసే ముందు పైవాడు కేకవేసి కిందివాడి జవాబు విన్నాకే రంపం నడపడం కాపాడతాయి. వీటికి డబ్బు ఖర్చు కాదు కాబట్టి, ఒక సంస్థ తీరు తెలుసుకోవాలంటే నేను కొత్త సామాను కంటే ముందు వీటినే చూస్తాను.

డ్రోన్ కోర్సు గురించి నాకు అనుమానాలున్నాయి. సాంకేతికతతో నాకు తగవు లేదు. పై కొమ్మల్లో పగుళ్లు, తొర్రలు, వేలాడుతున్న విరిగిన కొమ్మలు మనిషిని పంపకుండానే చూడగలగడం నిజంగా మేలు. నా అభ్యంతరమంతా 'ఎక్కే పని లేదు కాబట్టి ప్రమాదం లేదు' అన్న ప్రచారం మీదే. ఆ నివేదిక చదివి ఎవరో ఒకరు చెట్టెక్కుతారు కదా. ప్రమాదం ఎక్కడికీ పోలేదు, మీ అబ్బాయి నుంచి మరొకరి అబ్బాయికి బదిలీ అయింది, అంతే. గాలిలో ఎగిరే కెమెరా చెట్టు మొదట్లో మట్టి కింద ఏముందో చూడలేదు, కాండాన్ని సుత్తితో కొట్టి బోలు శబ్దం వినలేదు, వేళ్ల దగ్గర మెత్తబడ్డ బెరడును పుల్లతో గుచ్చి చూడలేదు. కోసిన కాండం లోపల కుళ్లు ఎంతవరకు పాకిందో తన కళ్లతో ఎన్నోసార్లు చూసినవాడే, బయటి గుర్తునుంచి లోపలి స్థితిని ఊహించగలడు. కొన్ని వారాల కోర్సు ఇవ్వలేనిది అదే. 1924లో పుట్టిన చెట్ల సంరక్షకుల సంఘం ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బోరికల్చర్ తన సర్టిఫైడ్ ఆర్బరిస్టు (చెట్ల సంరక్షణ నిపుణుడు) పరీక్షకు మూడేళ్ల పని అనుభవాన్నో, చదువూ అనుభవమూ కలిసిన అర్హతనో అడగడం ఊరికే కాదు.

మీరు అడిగిన పోలిక ఇంతకంటే పెద్దగా లేదు: ముందు క్షేత్రంలో పని, తరువాత కావాలంటే డ్రోను. చెట్టు మొదట్లో పుట్టగొడుగులు గమనించే కన్ను ఉన్నవాడు కొన్నేళ్ల తరువాత సర్వే వైపు వెళితే మంచి పరిశీలకుడవుతాడు. ఇప్పుడే పంపితే, ఆ మేస్త్రీ ఎదుట ఓడిపోయి పక్కకు తప్పుకున్నానన్న భావన అతన్ని చాలాకాలం వెంటాడుతుందేమోనని నా భయం. ఇది ప్రమాదకరమైన వృత్తే, కాదనను. అయినా అందులో క్షేమంగా పనిచేసి, వయసు మీరాక శిక్షకులుగా, పర్యవేక్షకులుగా మారినవారు ఉన్నారు. ఒకచోట పంపేసినంత మాత్రాన వృత్తి అతన్ని కాదన్నట్టు కాదు. పంపేసింది ఒక్క మేస్త్రీ.

మరో సంస్థలో చేరే ముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఒకరు పైన ఉన్నప్పుడు కింద ఉన్నవారిలో పైకెక్కి అతన్ని దించగలిగేవారు ఉంటారా, ఆ దించడాన్ని చివరిసారి ఎప్పుడు సాధన చేశారు? రంపం నడిపేటప్పుడు తమను తాము చెట్టుకు రెండు చోట్ల కట్టుకుంటారా? అమెరికాలో చెట్ల పనికి 1972లో మొదటిసారి వెలువడిన జెడ్133 ప్రమాణం ఇప్పుడు దీన్ని అడుగుతోంది. విద్యుత్ తీగల దగ్గర పనిచేసే ప్రత్యేక శిక్షణ లేనివారు కనీసం పది అడుగుల దూరంలో ఉండాలనీ అదే చెబుతుంది. తాళ్లు, హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీలు) ఎవరు, ఎన్నాళ్లకొకసారి తనిఖీ చేస్తారు? బ్రిటన్ 1998 నిబంధనల ప్రకారం మనుషులను మోసే సామగ్రికి ఆరు నెలలకొకసారి నిపుణుడి తనిఖీ తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరైనా ఎక్కనంటే ఇక్కడ ఏం చేస్తారని అడగాలి. ఆ ప్రశ్నకు నవ్వు వస్తే అక్కడ చేరనక్కరలేదు.

ఈ ప్రశ్నలు అడగడానికి మీరు అతని వెంట వెళ్లకండి. అతనే అడగగలడు, మొన్న ఒకసారి చేసి చూపించాడు. మీరు చేయవలసింది అంతకుముందు ఇంట్లోనే ఉంది: ఆ రోజు తాను చెప్పింది సరైనదేనని అతనికి మీ నోటితో చెప్పండి.